స్టేడియం లోను ఫైలు నా టేబుల్ మీదికొస్తే

(తిల్దాలో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో స్థానిక శాఖ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)

రాయ్‌పూర్ నుంచి, భిలాయ్ నుంచి, బిలాస్‌పూర్ నుంచి పొద్దున్నే లోకల్ పట్టుకుని మా తిల్దా దాకా వచ్చిన పెద్దలకు, అక్కయ్యలకు, పిల్లలకు ముందుగా కృతజ్ఞతలు. భోజనాల ముందు మైకు నా చేతికిచ్చారు. ఆకలితో ఉన్నవాళ్ల ముందు బ్యాంకు మేనేజర్ మాట్లాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. వడియాలు వేగిన వాసన నాకూ వస్తోంది. అయినా కార్యదర్శిగారు ఇరవై నిమిషాలు ఇచ్చారు కాబట్టి వాడుకుంటాను.

పోయిన నెల మా శాఖకు ఒక ఖాతాదారు వచ్చారు. మీకు తెలిసిందే, తిల్దా-నేవరా అంటే బియ్యం మిల్లుల ఊరు. ఆయనది పాత మిల్లు, పాత ఖాతా. క్యాష్ క్రెడిట్ రెన్యువల్ కాగితాల మీద సంతకాలు పెడుతూ, "మేనేజర్ సాబ్, ఊళ్లో పిల్లలకు ఒక మంచి స్టేడియం కావాలని అందరం అనుకుంటున్నాం. ఊరి మధ్య భూమి బంగారం. బైపాస్ అవతల పొలాల్లో కడితే చవక. మీరేమంటారు?" అన్నారు. అది మాటవరసకు అడిగిన ప్రశ్న. ఆయన టీ తాగి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మనవాళ్లకు ఒక జబ్బు ఉంది. ఏది చూసినా లోను ఫైలులా చూస్తాం. పెళ్లికి వెళ్తే మండపం ఖర్చు లెక్కేస్తాం. గుడికి వెళ్తే హుండీ టర్నోవర్ ఎంతుంటుందో అని చూస్తాం. మా ఆవిడ ఈ విషయంలో నన్ను క్షమించడం ఎప్పుడో మానేసింది. కాబట్టి స్టేడియం ఫైలు నా టేబుల్ మీదికొచ్చిందనే అనుకుని ఆలోచించాను. మిల్లుకు అప్పివ్వాలంటే మనం మొదట అడిగేది కట్టడం ఎంత అని కాదు కదా. యంత్రం ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది, వడ్లు ఎక్కడి నుంచి వస్తాయి, లారీ లోపలికి రావడానికి దారుందా, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని అడుగుతాం. గోడలు, షెడ్డు అందరూ చూపిస్తారు. మిల్లు మునిగేది ఎక్కువసార్లు ఆ రోజువారీ ఖర్చు దగ్గరే.

ఇక మన రాయ్‌పూర్ సంగతి చూడండి. అక్కడ మనకు రెండు రకాల స్టేడియాలు ఉన్నాయి. ఒకటి నవా రాయ్‌పూర్‌లో, పరసదా గ్రామం దగ్గర కట్టిన షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం. పిల్లలూ, ఆ పేరు ఎవరిదో తెలుసా? బలౌదాబజార్ జిల్లా సోనాఖాన్ జమీందారు. 1856 కరువులో ఒక వ్యాపారి గోదాములోని ధాన్యం తీసి ఆకలితో ఉన్నవాళ్లకు పంచినందుకు ఆంగ్లేయులు పట్టుకున్నారు. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరి తీశారు. బ్యాంకు భాషలో దాన్ని ఏమంటారో చెప్పను గానీ, నాకు మాత్రం ఆయన మీద గౌరవం.

ఆ స్టేడియం 2008లో తయారైంది. అరవై ఐదు వేలమంది కూర్చోవచ్చని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నాం. కట్టడం నిజంగా బాగుంటుంది. 2013లో ఐపీఎల్ మ్యాచ్‌లు వచ్చాయి. ఆ తర్వాత కూడా అడపాదడపా వచ్చాయి. కానీ మొదటి అంతర్జాతీయ వన్డే ఎప్పుడు జరిగిందో తెలుసా? 2023 జనవరి 21న. న్యూజిలాండ్ 108 పరుగులకే ఆలౌటైన మ్యాచ్. అంటే కట్టిన తర్వాత దాదాపు పదిహేనేళ్లు. మన మిల్లువాళ్లు ఎవరైనా, "సార్, షెడ్డు కట్టాను, అసలు సీజను పదిహేనేళ్ల తర్వాత" అంటే మీరేం చేస్తారు?

అదే ఏడాది డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో టీ20. ఆ ఉదయం పేపర్లన్నీ ఒకటే వార్త రాశాయి. 2009 నుంచి పేరుకుపోయిన కరెంటు బిల్లు 3 కోట్ల 16 లక్షలు. 2018లోనే కనెక్షన్ కోసేశారు. తాత్కాలిక కనెక్షన్ గ్యాలరీలకు, బాక్సులకు సరిపోతుంది గానీ ఫ్లడ్‌లైట్లకు చాలదు కాబట్టి అవి జనరేటర్ల మీద వెలగాలి. కట్టాక నిర్వహణ ఒక శాఖకు, మిగతా ఖర్చులు ఇంకో శాఖకు అప్పగించారట. బిల్లు నీదంటే నీదని రెండూ అనుకుంటూ వచ్చాయట. మ్యాచ్ జరిగింది, ఇండియా గెలిచింది, అందరం చప్పట్లు కొట్టాం. నేనూ టీవీలోనే చూశాను. కానీ చూస్తున్నంతసేపూ ఆ లైట్ల వెనక జనరేటర్ చప్పుడే నా చెవిలో మోగింది.

ఇది ఒక్క ఛత్తీస్‌గఢ్ కథ అనుకోకండి. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్‌లో సన్‌రైజర్స్, చెన్నై మ్యాచ్‌కు ముందురోజు బిల్లు బకాయిల మీద కరెంటు తీసేశారు, తర్వాత ఇచ్చారు. బకాయి కోటిన్నర పైమాటే. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం నుంచి 2005లో ఉప్పల్‌కు వెళ్లిపోయాయి. 1999లో సచిన్, ద్రవిడ్ కలిసి 331 పరుగులు చేసిన స్టేడియం అది. నాకు అది ఊరి గుండెకాయ. ఈ మధ్య అక్కడ జనం నిండుగా కనిపించింది 2023 డిసెంబరు 7న, ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి. మా విశాఖలో కూడా అంతే. నగరం నడిబొడ్డున ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉండేది, అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగేవి. 2005లో మధురవాడ స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. అప్పటి నుంచి మావాళ్లు మ్యాచ్ అంటే ఊరు దాటే వెళ్తున్నారు. విశాఖ అటువైపే పెరిగింది కాబట్టి అది నెగ్గుకొచ్చింది. నవా రాయ్‌పూర్ కూడా రేపు నిండొచ్చు. 2025 మార్చి నుంచి అటు అభన్‌పూర్ దాకా మెము రైలు కూడా నడుస్తోంది. నేను శపించడం లేదు. కాకపోతే ఊరు వచ్చి స్టేడియాన్ని కలిసేదాకా బిల్లు ఎవరు కట్టాలి అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు రెండోది చూద్దాం. రాయ్‌పూర్ లోపలే, సైన్స్ కాలేజీ వైపు, సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అంతర్జాతీయ హాకీ స్టేడియం. 2015లో నేను రాయ్‌పూర్‌లోనే పనిచేస్తున్నాను. ఆ నవంబరు, డిసెంబరుల్లో హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్స్ అక్కడ జరిగాయి. కాంస్య పతకం మ్యాచ్ డిసెంబరు 6న, ఆదివారం. మా పాప అప్పటికి చాలా చిన్నది, భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లాను. నెదర్లాండ్స్‌తో ఐదు ఐదు గోల్స్ సమానం. షూటవుట్‌లో 3-2తో మనం గెలిచాం. శ్రీజేష్ గాయంతోనే గోల్‌పోస్టు దగ్గర నిలబడ్డాడు. ప్రపంచ స్థాయి పెద్ద పోటీలో మనవాళ్లకు ముప్ఫై మూడేళ్ల తర్వాత పతకం. పాపకు ఏమీ అర్థం కాలేదు. నా జుట్టు పట్టుకుని గట్టిగా అరిచింది, అంతే. అది అయ్యాక ఆటో ఎక్కి ఇరవై నిమిషాల్లో ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాం. అంత పెద్ద మ్యాచ్ చూసి పప్పు చల్లారకుండా ఇంటికి రావడమే నాకు గొప్పగా అనిపించింది.

ఛత్తీస్‌గఢ్‌కు హాకీ కొత్త కాదు. మూడు ఒలింపిక్ బంగారు పతకాలు, ఒక వెండి పతకం గెలిచిన లెస్లీ క్లాడియస్ పుట్టింది మన బిలాస్‌పూర్‌లో. 2002 మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన ఆడపిల్లల జట్టులో దుర్గ్ అమ్మాయి సబా అంజుమ్ ఉంది. 2015లో పద్మశ్రీ వచ్చింది. రాజ్‌నంద్‌గావ్‌లో అయితే పిల్లలు నడక తర్వాత నేర్చుకునేది హాకీయే అంటారు. కొంచెం ఎక్కువ చెప్పినా, పూర్తిగా అబద్ధం కాదు.

హాకీ అన్నాను కాబట్టి ఇంకో హాకీ సంగతి కూడా. మా బావమరిది కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటాడు. ఒక మార్చి నెలలో మేము వెళ్లాం. మార్చి అంటే మనకు మామిడి పిందెలు, అక్కడ మోకాలి లోతు మంచు. వాళ్లకు హాకీ అంటే మంచు మీద ఆడేదే. మన హాకీకి అక్కడ 'ఫీల్డ్ హాకీ' అని పేరు తగిలించాలి. బావమరిది మమ్మల్ని రోజర్స్ ప్లేస్ అనే అరీనాకు తీసుకెళ్లాడు. 2016లో ఊరి నడిబొడ్డున కట్టారు. మెట్రోలాంటి రైలు దిగితే లోపలి దారిలోంచే అరీనాలోకి నడిచిపోవచ్చు. చలి తగలకుండానే వెళ్లాం. మా ఆవిడ చీర మీద కోటు, కోటు మీద శాలువా, ఆ వేషంలో కూడా ఆమెను ఎవరూ వింతగా చూడలేదు. అందరి కళ్లూ మంచు మీదే.

నేనేమో లెక్కలడిగాను. ఒక్క అరీనాకే 48 కోట్ల డాలర్ల పైన అయింది. నగరం పెట్టిన వాటాలో పెద్ద భాగం ఎలా తెచ్చిందంటే, చుట్టుపక్కల కొత్త భవనాలు వస్తాయి, వాటి మీద ఇంటిపన్ను పెరుగుతుంది, ఆ పెరిగిన పన్నుతో తీరుస్తాం అని ముందే అప్పు చేసింది. టికెట్ మీద కూడా కొంత వసూలు పెట్టింది. రేపు పండే పంట మీద ఈరోజు అప్పు. మనం రైతుకు ఇచ్చేదీ అదే కదా. తేడా ఏమిటంటే రైతు పంట పండకపోతే మనం అడుగుతాం, నగరం పంట పండకపోతే పన్ను కట్టేవాళ్లు అందరూ మోస్తారు.

ఒక విషయం మాత్రం నాకు నచ్చింది. ఆ పెద్ద అరీనాను ఆనుకునే ఒక చిన్న రింకు కూడా ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం జట్టు దాంట్లో ఆడుతుంది, మామూలు జనానికీ సమయం ఇస్తారు. పెద్ద ఆట చూసినవాళ్లు, ఆడేవాళ్లు ఒకే రైల్లో దిగుతున్నారు. మేము వెళ్లినప్పటికి ఒక్కో జట్టు సీజన్లో సొంతూళ్లో ఆడేది 41 మ్యాచ్‌లు, మిగతా రాత్రుల్లో కచేరీలు. యంత్రం తిరుగుతోందన్నమాట. కానీ దానికి రెండో వైపు కూడా బావమరిదే చూపించాడు. ఊరి ఈశాన్యంలో 1974 నాటి పాత అరీనా. దాని పక్కనా రైలు స్టేషను ఉంది, జట్టు మాత్రం వెళ్లిపోయింది. 2018 మొదట్లో మూసేశారు. మేము చూసినప్పుడు చుట్టూ మంచు, తాళాలు. రైలు స్టేషను ఒక్కటీ ఉంటే చాలదు అని అప్పుడే అర్థమైంది.

వచ్చాక కూడా నాకు ఆ పిచ్చి వదల్లేదు, చదువుతూనే ఉన్నాను. ఒటావా కథ అచ్చం మన పరసదా కథే. 1996లో ఊరికి ఇరవై కిలోమీటర్ల పైన, పొలాల మధ్య కనాటాలో అరీనా కట్టారు. హైవే దిగే ఇంటర్‌చేంజ్ ఖర్చు కూడా జట్టు మీదే పడింది. 2003లో ఆ జట్టు దివాలా తీసింది. ముప్ఫై ఏళ్లవుతోంది, ఇప్పుడు తిరిగి ఊళ్లోకి, లెబ్రెటన్ ఫ్లాట్స్‌కు రావాలని చూస్తున్నారు. 2024లో స్థలం మీద ఒక అవగాహనకు వచ్చారు. క్విబెక్ నగరం ఇంకా చిత్రం. 1995లో వాళ్ల జట్టు అమెరికాకు వెళ్లిపోయింది. తిరిగి రప్పించుకోవాలని ప్రజల సొమ్ముతో సుమారు 37 కోట్ల డాలర్లతో 2015లో అరీనా కట్టారు. జట్టు ఇంతవరకూ రాలేదు. కోడలు కుదరకముందే కొత్త గది కట్టినట్టు.

కాల్గరీవాళ్లది బేరం కథ. 1983 నాటి పాత అరీనా కప్పు గుర్రపు జీనులా ఉంటుంది. కొత్తది కట్టాలని 2019లో ఒప్పందం, ఖర్చు పెరిగి 2021 చివర్లో అది చెడింది, 2023లో మళ్లీ ఒప్పందం. రెండోసారికి మొత్తం ప్యాకేజీ 120 కోట్ల డాలర్లు దాటింది. నగరం వాటా 53 కోట్ల పైన, రాష్ట్రంలాంటి అల్బర్టా ప్రభుత్వం వాటా 33 కోట్లు. జట్టు యజమానులు తమ వాటాలో 4 కోట్లు ముందు ఇచ్చి మిగతాది 35 ఏళ్ల పాటు కడతారు. మొదటి బేరం చెడినందుకు నగరం ఎంత చెల్లించుకుందో చూశారా? ఒక రుణగ్రహీత మొదటి శాంక్షన్ కాదని లేచి వెళ్లి రెండేళ్ల తర్వాత ఇంకా తియ్యటి షరతులతో శాంక్షన్ తెచ్చుకున్నట్టుంది. ఇలాంటివాళ్లు మన శాఖల్లోనూ ఉన్నారు, పేర్లు వద్దు. స్టేడియాల వల్ల ఊరికి పెట్టిన డబ్బు తిరిగి రాదనే ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది చెబుతారు. నేను వాళ్లతో ఏకీభవిస్తాను. అయినా కట్టొద్దని మాత్రం అనను. పార్కుకు, గ్రంథాలయానికి మనం తిరిగొచ్చే డబ్బు లెక్క చూడం కదా. ఆదాయం వస్తుందని చెప్పి కట్టకండి, అంతే.

కెనడా వదిలేముందు ఒక్క మాట. మన హాకీని మట్టి మీంచి ఆస్ట్రోటర్ఫ్ మీదికి ఎక్కించింది వాళ్ల ఊరే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద హాకీ ఆడారు. మనం ఏడో స్థానంలో నిలిచాం. ఆ క్రీడలకు కట్టిన పెద్ద స్టేడియం అప్పు తీరింది ఎప్పుడనుకున్నారు? 2006లో. ముప్ఫై ఏళ్లు. హోమ్ లోను తీసుకున్న తమ్ముళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు, మీకు తోడున్నారు.

టర్ఫ్ గురించే నా అసలు బాధ. మా పాప ఇప్పుడు ఇంటర్ వయసుకొచ్చింది. తిల్దాకు బదిలీ అయినప్పుడు ఇక్కడ స్కూలు మైదానంలో మట్టి మీదే హాకీ మొదలుపెట్టింది. మట్టి మీద బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. దాన్ని ఆపడానికి ఒక ఒడుపు కావాలి. టర్ఫ్ మీద నీళ్లు చల్లి ఆడతారు, బంతి జారిపోతుంది, వేగం వేరు, వంగడం వేరు. మట్టి మీద నేర్చినది సగం అక్కడ మరిచిపోవాలి. అందుకని శని, ఆదివారాలు రాయ్‌పూర్. తెల్లవారుజామునే లోకల్. బైకుంఠ్, సిలియారీ, మాంఢర్, ఉర్కురా, రాయ్‌పూర్. రాయ్‌పూర్ దాటి ఇంకో స్టేషను, సరస్వతీ నగర్. అక్కడ దిగితే స్టిక్ భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోతుంది. మొదటి రెండు నెలలు నేనో మా ఆవిడో తోడు వెళ్లాం. తర్వాత, "నాన్నా, మీరు రావొద్దు, అందరూ నవ్వుతున్నారు" అంది. ఇప్పుడు భాటాపారా వైపు నుంచి వచ్చే ఇంకో ఇద్దరు ఆడపిల్లలు తోడు. వాళ్ల నాన్నలు ఒకరు హమాలీ, ఒకరు లైన్‌మన్.

ఆ రాత్రి నాకు నిద్రపట్టనిది ఇందుకే. అదే టర్ఫ్ పరసదాలో ఉండుంటే? నేను మేనేజర్ని, కారుంది, ఎలాగో దింపేవాణ్ని. ఆ ఇద్దరు పిల్లలు వచ్చేవాళ్లు కాదు. వాళ్లు రాకపోతే మా పాపను కూడా ఒంటరిగా నేను పంపేవాణ్ని కాదు. నలభై కిలోమీటర్లు దాటి ఆడపిల్ల ఆట నేర్చుకోవడానికి వెళ్తోందంటే ఒక స్టేషను, నడవగలిగే ఒక రోడ్డు, దారిలో తెరిచి ఉన్న నాలుగు టీ దుకాణాలు కారణం. ఇది ఏ ప్రాజెక్ట్ రిపోర్టులోనూ నేను చూడలేదు.

మొన్న మిల్లు యజమాని మళ్లీ వచ్చారు. చెప్పాను. బైపాస్ అవతల వద్దు అన్నాను. పెద్ద గ్యాలరీ కూడా వద్దు, ఊరి మధ్య మైదానం చదును చేసి, గోల్‌పోస్టులు, రెండు మరుగుదొడ్లు, ఒక దీపస్తంభం పెట్టండి, ఐదేళ్ల కరెంటు బిల్లు ముందే డిపాజిట్ చేయండి, మన శాఖలోనే చేయండి అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. "సాబ్, డిపాజిట్ టార్గెట్ మర్చిపోరు" అన్నారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు. నిజం చెప్పాలంటే ఆయన మాటలోనూ బలముంది. ఊరి మధ్య భూమి ఖాళీగా ఉంటే దుకాణాల సముదాయం కట్టమని అడిగేవాళ్లు రేపో మాపో వస్తారు. అలాంటి సముదాయానికి లోను అడిగితే నేనే ఇస్తాను కూడా, రీపేమెంట్ బాగుంటుంది. అదీ నా ఇరకాటం.

ఇంకోటి. ఏప్రిల్‌లో నాకు బదిలీ తప్పదు, మూడేళ్లు నిండాయి. మీ ఇళ్లలో ఈ ముచ్చట అందరికీ తెలుసు. కొత్త ఊరు, కొత్త స్కూలు, పిల్లల కళ్లలో నీళ్లు. పోయిన వారం మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. "ఏమండీ, మీరు వెళ్లండి. నేనూ పాపా ఇక్కడే ఉంటాం. రెండు కాపురాల ఖర్చు ఎంతో మీరే లెక్కేసుకోండి." లెక్కేశాను. కష్టమే గానీ, మోయగలం. మా పెద్దవాడు మూడు ఊళ్లలో మూడు స్కూళ్లు మారి క్రికెట్ బ్యాటు అటక మీద పెట్టేశాడు. అప్పుడు నేను లెక్క కూడా వేయలేదు. వాడు ఏమీ అనలేదు. ఈసారి మా ఆవిడ అన్నది.

వచ్చే ఆదివారం రాయ్‌పూర్ టర్ఫ్ మీద వీళ్ల ప్రాక్టీసు మ్యాచ్ ఉంది. భిలాయ్, దుర్గ్ వాళ్లకు దారిలోదే, సరస్వతీ నగర్‌లో దిగితే చాలు. టికెట్ లేదు. మా పాప నన్ను రావొద్దంది గానీ మిమ్మల్ని రావొద్దనలేదు. మీ వెనకాల నిలబడి నేనూ చూస్తాను. ఇక భోజనాలకు లేవండి. సాయంత్రం లోకల్‌కు వెళ్లేవాళ్లు ముందు పంక్తిలో కూర్చోండి, గోంగూర మళ్లీ దొరకదు.